కడప దిక్కు పిల్ల

కృపమణి ఇంట్లో ప్రార్థన కూడికకు మహిమ పిలవకుండానే వెళ్ళింది. పిలిచేవాళ్ళు ఎవరున్నారు గనక!

కోడుమూరుకు బదిలీ మీద వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. ఊరి సచివాలయంలో నర్సు ఉద్యోగం, అద్దె గది, ఒక్కతే వండుకుని ఒక్కతే తినడం. వీధిలో కనబడితే "సూదమ్మ వచ్చె" అని తలుపులు మూసేవాళ్ళే తప్ప, తిన్నావా అని అడిగే ప్రాణి లేదు. పొద్దుగూకితే అమ్మ ఫోన్ చేస్తుంది. పెద్దగా మాటలుండవు. "నీ గొంతు విన్నా, చాలు" అని పెట్టేస్తుంది. ఆ తర్వాత గదిలో ఇంకా దిగులేస్తుంది.

సోమవారం బడిలో పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు క్యాన్సర్ రాకుండా టీకా వేయాలి. వాళ్ళలో కృపమణి కూతురు సలోమి కూడా ఉంది. కృపమణి ఊ అంటే వీధి వీధంతా ఊ అంటుంది. ఆమె మాటకు అంత విలువ.

ఇల్లంతా చాపల మీద ఆడవాళ్ళు. ఎదురుగా కుర్చీలో ఫ్రేము కట్టించిన ఫొటో. బడి వరండాలో కళ్ళు మూసుకుని ఒరిగిపోయిన పిల్ల. యూనిఫాం, ముఖం మీద పడ్డ జుట్టు. కనకాంబరాల దండ, ముందర కొవ్వొత్తి. ఈ సూది వేయించుకోబట్టే కడప దిక్కు పిల్లొకతి చనిపోయిందని వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అది. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం కృపమణి దాన్ని స్టూడియోలో పెద్దది చేయించి, ఆదరణ కూడిక పెట్టించింది. మంచి మనసే. చిక్కంతా అక్కడే వచ్చింది.

అందరితోపాటు మహిమా మోకరించింది. ఆ పిల్ల తల్లికి ధైర్యం ఇమ్మని కృపమణి ప్రార్థన చేస్తే, తనూ ఆమేన్ అంది.

ప్రార్థన అయ్యాక టీ గ్లాసులు తిరిగాయి. మహిమ దాకా వచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"అక్కా, ఆ పిల్లది ఏ ఊరంట?" అడిగింది మహిమ.

"కడప దిక్కు," అంది కృపమణి.

"పేరు?"

"పేరెందుకమ్మా? దేవునికి తెలుసు."

"ఎవరన్నా కండ్లతో చూసినారా?"

"మా వదినె చూసింది," అంది గోడవారగా కూర్చున్నామె. "వాళ్ళమ్మ పెట్టె పట్టుకోని శానా ఏడ్సిందంట."

"మీ వదినె సమాధి కాడికి పోయిందా?"

"లేదు, ఆమెకు వాళ్ళక్క చెప్పింది. ఆయక్కకు బస్సులో ఎవరో చెప్పినారు."

వాట్సాప్ మాటకు సాక్షుల్ని వెతకనక్కర్లేదు, వాళ్ళే పుట్టుకొస్తారు.

"ఈ సూది బళ్ళకు వచ్చిందే ఇప్పుడు. ఆ ఫొటో ఎప్పటిదో పాతది అక్కా," అంది మహిమ.

"పాతదని యాడ రాసిండాది?" కృపమణి గొంతు లేచింది. అంతలోనే దిగిపోయింది. "మా అత్త ఆ క్యాన్సర్‌తోనే పోయింది. చాకిరీ చేసింది నేనే. సూది ఏపిస్తే ఈ పిల్ల మాదిరి పోతాదేమో, ఏపియ్యకుంటే మా అత్త మాదిరి పోతాదేమో. నాకుండేది ఒక్క బిడ్డ. ఏం చేయాల్నో నువ్వే చెప్పు."

మహిమకు అప్పటిదాకా ఉన్న కోపం కాస్తా పోయింది. ఆ తల్లిని చూస్తే జాలేసింది.

చెప్పేద్దామా? పోయిన ఊళ్ళో ఇంకో టీకాప్పుడు ఇదే ఫొటో తిరిగితే ఉన్నమాట చెప్పింది. నమ్మలేదు సరికదా, మర్నాటి నుంచి ఆమె ఎదురొస్తే దయ్యాన్ని చూసినట్టు తల్లులు పిల్లల్ని చెంగు చాటుకు లాక్కున్నారు. ఇల్లుగలామె గది ఖాళీ చేయమంది. ఇక్కడా అదే అయితే మళ్ళీ ఇంకో ఊరు, ఇంకో గది. ఒంటరితనం ఆమెకు కొత్త కాదు గానీ, అలవాటూ కాలేదు.

"ఆ పిల్ల బతికుండాదని చూపీ, పంపుతా నా బిడ్డను," అంది కృపమణి కళ్ళు తుడుచుకుంటూ.

మహిమ లేచింది. ఫొటో దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తి ఊదేసింది. దండ తీసి పక్కన పెట్టింది. ఆడవాళ్ళు "ఓయమ్మా, ఏమి చేస్తాండావు!" అని గోల పెట్టారు.

ఆమె ఆ పిల్ల ముఖం మీద వేలు పెట్టి చూపిస్తూ, కృపమణితో మెల్లగా అంది:

"సోమవారం సలోమికి కడుపునిండా ఉగ్గాని పెట్టి పంపక్కా, ధనుర్వాతం సూది భయానికి ఏమీ తినకుండా బడికి పోయినందుకే నేను ఆ పొద్దు ఇట్ల కండ్లు తిరిగి పడిపోయినా."