రేపటికో గౌను

శుభవార్త వచ్చేసరికి ఆమె తల గౌనులో ఇరుక్కుని ఉంది.

తల లోపల, చేతులు పైన. ఛాతీ దగ్గర ఆగిన గౌను కిందికి దిగనంటోంది, పైకి రానంటోంది. ట్రయల్ రూమ్ బయట ఆమె ఫోను పట్టుకుని నిలబడ్డ మొగుడు ఉన్నట్టుండి ఒక్క గెంతు గెంతాడు.

"బహుమతి నీకేనట! రేపు సాయంత్రం స్టేజీ మీద ఇస్తారట!"

ఆమె గౌను లోపలే కెవ్వుమంది. ఎగిరింది కూడా. చంక దగ్గర కుట్టు పటపటా పిగిలింది.

ఆమె చేసే పనిలో అంతకు మించిన బహుమతి లేదు. అదీ పెళ్ళయి నెల తిరక్కుండానే! పాలు పొంగినా సంబరమే, పొంగకపోయినా సంబరమే అన్నట్టున్న రోజులు. ఇక ఇంత కబురంటే చెప్పాలా?

సంబరమంతా గౌనులోంచి బయటపడి అద్దం చూసుకునేదాకానే.

రేపు హాలు నిండా జనం. ఎదురుగా కెమెరాలు. చూస్తే ఒంటికి సరిపోయే గౌను ఇంట్లో ఒక్కటీ లేదు. పెళ్ళి ఫోటోలన్నిట్లోనూ ఆమె చేతులు కట్టుకునే ఉంది, బొత్తాల మధ్య ఖాళీలు కనపడకుండా. రేపు చేతులు కట్టుకుని బహుమతి ఎలా అందుకుంటుంది?

"అన్నిట్లోకీ పెద్ద సైజు ఇదేనండీ," అంది సేల్స్ గర్ల్, పిగిలిన కుట్టు వైపు బాధగా చూస్తూ. "చాలా పేరున్న కంపెనీ. ఊళ్ళో అందరికీ సరిపోతాయి. మీకే ఎందుకో..."

మొగుడికి దగ్గు తెర వచ్చింది. ఆమె అతని కాలు తొక్కింది.

పిగిలిన గౌనుకి డబ్బు కట్టి, ఇద్దరూ పక్క కొట్టుకి వెళ్ళారు. అక్కడ ఛాతీకి సరిపోయింది దొరికింది గానీ, భుజాలు మోచేతుల దాకా జారాయి. నడుం దగ్గర గుడారంలా ఉంది.

"తీసేసుకుందామోయ్," అన్నాడు మొగుడు. "ఇంటద్దె మిగులుతుంది. ఇందులోనే కాపురం పెట్టేద్దాం."

"మీరు నవ్వించకండి. బొత్తాం ఎగిరి మీ కంట్లో పడుతుంది."

అత్తగారికి ఫోను చేస్తే ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసి, వెంటనే ఉపాయం కూడా చెప్పింది.

"పైన ఓ కోటు తొడుక్కో తల్లీ. ఎవరైనా అడిగితే చలేస్తోందను."

"ఈ ఎండల్లోనా అత్తయ్యా?"

"అయితే జ్వరమొచ్చిందను."

నాలుగు కొట్లు తిరిగేసరికి పొద్దు వాలింది. మెయిన్ రోడ్డు వెనక సందులో, మెట్ల కింద నక్కినట్టున్న ఓ చిన్న కొట్టు కనిపించింది. గల్లాపెట్టె వెనక ఓ నిండైన మనిషి కూర్చుని ఉంది. ఆవిడ వేసుకున్న చొక్కాకి ఒక్క ముడత లేదు. ఆమె కళ్ళు ఆ బొత్తాల వరస మీదే అతుక్కుపోయాయి.

"చూడమ్మా, చూడు. నా సైజు ఎక్కడా దొరక్కే ఈ కొట్టు పెట్టాను," అంది కొట్టావిడ. "ముందు లోపలిది మారుద్దాం. పునాది సరిగ్గా లేకుండా మేడ కడితే ఏం లాభం?"

లోపలికి తీసుకెళ్ళి టేపు చుట్టింది. భుజాల మీద బ్రా పట్టీలు చేసిన ఎర్రటి గాడి చూసి పెదవి చప్పరించింది. "బరువంతా పట్టీల మీద వేశావు. మోయాల్సింది కింది పట్టీ తల్లీ, భుజాలు కాదు."

కొత్తది తొడుక్కోగానే ఆమె ఊపిరి నిండుగా పీల్చుకుంది. ఎవరో వెనకనుంచి వచ్చి చేతిలో సంచి అందుకున్నట్టయింది. దాని మీద ముదురు నీలం గౌను. ఒక బొత్తాం పట్టింది. రెండోదీ పట్టింది. మూడోదాని దగ్గర ఊపిరి బిగబట్టింది గానీ, అదీ బుద్ధిగా పట్టింది. ఎక్కడా ఖాళీ లేదు, లాగుడు లేదు. చేతులు పైకెత్తింది. గిర్రున తిరిగింది. బయటికొచ్చి మొగుడి ముందు నిలబడింది, చేతులు కట్టుకోకుండా.

 అతను తెరిచిన నోరు తెరిచినట్టే గబగబా ఫోటో తీశాడు.

"ఇన్నాళ్ళూ ఎవరి బట్టలు వేశావమ్మా?" అడిగింది కొట్టావిడ.

ఆమె గొంతులోనే కంపెనీ పేరు చెప్పింది.

"అయ్యో నా తల్లీ! ఆ కొలతలు గీసేవాళ్ళు కొట్లో నిలబెట్టే బొమ్మని తప్ప ఆడమనిషిని చూసిన పాపాన పోలేదు!"

"పాపం, వాళ్ళ తిప్పలేవో వాళ్ళకుంటాయి లెండి. పెద్ద సైజులు అమ్ముడుపోవని పైవాళ్ళు అంటారేమో," అంది ఆమె.

"తిప్పలా, తోటకూరా! వాళ్ళు గీసింది వాళ్ళే ఒక్కసారి తొడుక్కుంటే తెలిసొస్తుంది!"

మొగుడికి మళ్ళీ దగ్గు. ఈసారి తొక్కడానికి కాలు అందనంత దూరం జరిగి మరీ దగ్గాడు.

"కత్తెర ఉందాండీ?" అంది ఆమె. గౌను మార్చుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ కొత్త గౌను మెడ వెనకున్న కొట్టు గుర్తు గుడ్డని ఒక్కో కుట్టూ తెంపి జాగ్రత్తగా ఊడదీసింది.

"మెత్తటి గుడ్డేగా, గుచ్చుకోదే?"

"రేపు గుచ్చుకుంటుందండీ."

"ఇంతకీ రేపేమిటమ్మా?"

ఆమె వద్దని కళ్ళతో బతిమాలుతూనే ఉంది. కానీ కొత్త మొగుడికి గర్వం పొట్టలో దాగలేదు.

"రేపు సాయంత్రం మా ఆవిడ మీ గౌను వేసుకుని స్టేజీ ఎక్కి, ఇందాక మీరు తిట్టిన కంపెనీకి 'ఏ ఆడమనిషి ఒంటికైనా అతికినట్టుండే బట్టలు' గీసిపెట్టినందుకు ఉత్తమ డిజైనర్ బహుమతి అందుకుంటుందండీ!"