పై ఇంటి గిన్నె

వేసవి మంటలు చిలీలోని వల్పరాయిసోలో మా కొండను బోడి చేశాక, వాన పడితే బురదకు కాపలా కాస్తున్నాం. వాగు చప్పుడు ఆగిందంటే పైన బురద అడ్డుపడ్డట్టే, ఏ క్షణానైనా తెగి ఇళ్ల మీద పడుతుంది. వెంటనే పై ఇంటివాళ్లు గిన్నె మోగించాలి, కింది ఇళ్లు అందుకోవాలి.

ఇప్పుడు అన్నిటికన్నా పైనున్నది నా ఇల్లే. నా పై ఇంట్లో ఉండే ముసలి ఎర్మిలియా ఫిబ్రవరిలో ఇంటితో పాటే కాలిపోయింది.

ఆ రాత్రి నేనూ తమ్ముడు లౌతారో వానలో తడుస్తూ, వాలుకు అడ్డంగా కాలిన నీలగిరి దుంగలు పేర్చి గుంజలు పాతుతున్నాం. పైన గిన్నె మోగింది. మూడు దెబ్బలు. కాసేపాగి మళ్లీ మూడు.

"అక్కా, దిగిపోదాం పద," అన్నాడు లౌతారో.

"ఎవరికి భయపడి? బతికినన్నాళ్లూ గిన్నె కొట్టి 'పడుకున్నావా' అంటూ నా ప్రాణం తోడేసింది. చచ్చాక కూడానా?" పైకి తిరిగి అరిచాను. "మేలుకునే ఉన్నానే ముసలీ!"

గిన్నె ఆగింది. అప్పుడు తెలిసింది, వాగు చప్పుడు కూడా లేదని.

"పరిగెత్తరా, కిందవాళ్లను లేపు!" అని తమ్ముణ్ణి తోసి, నా గిన్నె అందుకుని బాదాను. కింద ఒక్కో ఇల్లూ అందుకుంది. ముసలిదాని గిన్నె మళ్లీ మొదలైంది, ఈసారి పైన కాదు, మా దుంగల పక్కనే.

"కొట్టవే," అన్నాను. "ఇంకా గట్టిగా కొట్టు."