చామంతి కుండీ

అక్టోబరు తొమ్మిది, గురువారం. మూడింటికి బడి వదలగానే జమీర్, బడికి ఎదురింట్లో ఉండే మిస్ ఆర్నెటా మెట్లెక్కి, చామంతి కుండీలో చెయ్యి పెట్టాడు.

కత్తి లేదు.

బడి గేటులో మెటల్ డిటెక్టర్ ఉంటుంది. అందుకే పొద్దున కత్తిని ఈ కుండీలో దాచి, సాయంత్రం తీసుకుంటాడు. అది లేకుండా వీధి మలుపు దాటాలంటే కాళ్లు రావు. జూలైలో వాళ్ల పెదనాన్న కొడుకుని అక్కడే కాల్చేశారు. అతని గుర్తుగా దీపస్తంభానికి కట్టిన ఎలుగుబంటి బొమ్మలు ఇంకా అలాగే వానకి తడుస్తూ, ఎండకి ఎండుతున్నాయి. పైగా మొన్న ఎనిమిదో తరగతి కెయోన్, "బయట దొరుకుతావుగా" అన్నాడు.

తలుపు తెరుచుకుంది.

"నా పూలమొక్క వేళ్లు తెంపేది నువ్వేనా?" అంది మిస్ ఆర్నెటా.

"పెన్ను పడిపోయిందండీ."

"ఆ పెన్ను వంటింట్లో ఉంది. రా."

సొరుగు లాగింది. చెంచాల పక్కన ఐదు కత్తులు.

"ఈ ఏడాది నా కుండీల్లో కాసిన పంట. పదమూడేళ్లకే నీకెవరంటే ఇంత భయంరా?"

"భయమా? నాకా?" జమీర్ చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "కెయోన్. వాడి దగ్గర ఎర్ర టేపు చుట్టిన కత్తి ఉందండీ. అందరూ చూశారు."

ఆమె సొరుగులోంచి ఒకటి పైకి తీసింది. పిడికి ఎర్ర టేపు.

"మరి వాడిప్పుడు ఉత్తచేతులతో తిరుగుతున్నాడా?" అన్నాడు జమీర్.

ఆమె జవాబు చెప్పేలోపే వంటింటి గుమ్మంలో ఎవరో ఆగిపోయారు. భుజాన సంచీ, చేతిలో సగం కొరికిన మొక్కజొన్న రొట్టె. కెయోన్. జమీర్‌ని చూడగానే గోడకి అంటుకుపోయాడు.

"నిన్నటి నుంచి వీడు మా పెరటి దారినే ఇంటికెళ్తున్నాడు," అంది మిస్ ఆర్నెటా. "ఎవడో జమీరట, చామంతి కుండీలో కత్తి దాస్తాడట. వాడికి ఎదురుపడితే చంపేస్తాడని వీడి భయం."

జమీర్ సొరుగుని మోకాలితో లోపలికి తోశాడు. "మీ ఇల్లెటు?"

"మలుపు దాటాక," అన్నాడు కెయోన్, నోట్లో రొట్టెతోనే.

"మాదీ అటే. ముందు గుమ్మంలోంచే పోదాం, పద."

ఇద్దరూ మెట్లు దిగాక, ఇంకా ఎండ ఉండగానే, రాత్రికి వేసే పెరటి తలుపు గడియ మిస్ ఆర్నెటా చప్పుడు కాకుండా వేసేసింది.