సందులో గీత

బండి చక్రం ఇరుసు దాకా దిగబడిపోయింది. రొట్టెలు సగానికి సగం బురదపాలయ్యాయి. రొట్టెలమ్మే ప్రూడెన్స్ గౌను ఎగదోపుకుని బండి దిగి, అవతలి గేటు దగ్గర నిలబడ్డ కౌన్సిలర్ ఆంబ్రోజ్ మీద విరుచుకుపడింది.

"పన్ను మాత్రం ముక్కుపిండి వసూలు చేస్తారు. ఈ సందులో నాలుగు బండ్ల కంకర పోయించడానికి చేతులు రావేం?"

"నా గుర్రబ్బండి వెనక రోడ్డున పోతుందమ్మా. ఈ సందుతో నాకేం పని?" అన్నాడాయన తాపీగా. "అదలా ఉంచు, నా రొట్టె పొడిగానే ఉందా?"

ప్రూడెన్స్‌కు ఒళ్లు మండింది. అయినా బురదలో పడుతూ లేస్తూ వెళ్లి రొట్టె చేతికిచ్చింది. మెల్‌బోర్న్ శివార్లలో బురదైనా వరదైనా రొట్టె గేటు దాకా రావాల్సిందే మరి.

"మీతో మాకు పొసగదు. సందుకి ఇవతలున్న మా పల్లం వాళ్లం విడిపోయి, మా మున్సిపాలిటీ మేమే పెట్టుకుంటాం!"

"శుభం. సరిహద్దు నేనే దగ్గరుండి గీయించి పెడతాను," అని నవ్వాడు ఆంబ్రోజ్.

అన్నంత పనీ చేశాడు. పల్లం వాళ్లు అర్జీ పెట్టారు, గవర్నర్ సరేనన్నాడు. బ్యాండు మోగింది, బీరు ఏరులై పారింది. కమ్మరి సైలస్ కొత్త మేయరయ్యాడు. మొదటి సమావేశానికే ప్రూడెన్స్ వెళ్లి కంకర అడిగింది.

సైలస్ పటం చూసి బుర్ర గోక్కున్నాడు. "గీత సరిగ్గా సందు నడిమధ్యన పోయింది, ప్రూడెన్స్. ఇవతలి సగమే మనది. అవతలి సగం ఆయన గారి కౌన్సిల్‌ది. వాళ్లు చస్తే బాగుచెయ్యరు."

"ఎంత గుంటనక్క!" అని పళ్లు కొరికింది ప్రూడెన్స్. కాసేపటికి ఆమె మొహం విప్పారింది. "పోనీలే. మన సగం బాగా ఎత్తుగా పోయించు సైలస్. ఒక్క రాయి కూడా అటు దొర్లకూడదు."

అలాగే పోయించాడు. ఆ తర్వాత కురిసిన మొదటి వానకి నీళ్లన్నీ అవతలి సగంలోకే చేరాయి. మర్నాడు పొద్దున్నే ప్రూడెన్స్ బండి కంకర మీద టకటకలాడుతూ వచ్చి గీత పక్కన ఆగింది. ఆంబ్రోజ్ గేటు దగ్గర చెయ్యి చాచుకుని ఉన్నాడు.

"త్వరగా తేవమ్మా, లోపల చుట్టాలున్నారు!"

"అయ్యో కౌన్సిలర్ గారూ, మా పొలిమేర ఇక్కడితో సరి. పరాయి ఊళ్లో బురద తొక్కడం మర్యాద కాదు కదా. మీరే దయచేయండి."

ఆంబ్రోజ్ కోపంగా కాలు ముందుకేశాడు. మోకాలి దాకా దిగబడ్డాడు. కాలు పీకితే కాలే వచ్చింది, బూటు రాలేదు.

"రొట్టె ఏదండీ?" అని లోపలి నుంచి భార్య కేక పెట్టింది.

ఆయన ఇంటి వైపు చూశాడు, బండి వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా ప్రూడెన్స్... మా ఒక్క ఇంటినీ మీ మున్సిపాలిటీలో కలుపుకోవాలంటే అర్జీ ఎవరికి పెట్టుకోవాలి?"