చెలిమె నీళ్లు

రెబ్బెన దాటాక కారు ముందు భాగంలో ఏదో కీచుమంది.

"ఏందా సప్పుడు?" అంది మనోరమ.

"పాత బండి. సప్పుడు చెయ్యకుంట ఉంటదా?" అన్నాడు జగపతిరావు.

ఆయన సర్కారు ఇంజనీరు. ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీ అయింది. నిన్ననే చార్జి అప్పజెప్పాడు. సామాన్లు లారీలో పంపించి, మోజుపడి కొన్న సెకండ్‌హ్యాండ్ కారులో భార్యను ఎక్కించుకుని తానే నడుపుకుంటూ బయలుదేరాడు.

ఇంకాస్త దూరం పోయేసరికి ఆ కీచు గరగరగా మారింది. వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది.

కారు పక్కకు తీసి ఆపాడు. ఏప్రిల్ ఎండ. ఆకు రాలిన టేకు చెట్లు. అవతల ఒక చిన్న పల్లె.

బానెట్ ఎత్తి, రుమాలు చుట్టుకున్న చేత్తో ఫ్యాన్ రెక్క పట్టి ఊపాడు. వదులుగా అటూ ఇటూ కదిలింది. దాని కింద నీళ్లు కారుతున్నాయి.

"దొరికింది! నీళ్ల పంపు బేరింగ్ పోయింది. గా సప్పుడు దానిదే. నీళ్లన్ని కారిపోయినయి, అందుకే ఇంజన్ కాగింది."

రోగం తానే కనిపెట్టినందుకు ఆయన గొంతులో గర్వం.

"మరి ఎట్ల పోవుడు?"

"బెల్లంపల్లిల మెకానిక్ ఉంటడు. గందాక నీళ్లు పోసుకుంట పోవాలె."

అప్పుడే ఒక ముసలామె నెత్తిన బిందెతో రోడ్డు దాటుతూ కనిపించింది.

"ఏయ్ అవ్వా! గా బిందె ఇటు తే."

ఆమె ఆగి ఆయన ముఖంలోకి చూసింది.

"తాగెతందుకా సారూ?"

"బండికి."

ఆమె బిందె దించింది.

"జర ఆగు. ఇంజన్ చల్లారాలె. ఇప్పుడు పోస్తే పగుల్తది."

ఆయన కారు నీడన కూర్చున్నాడు. ఆమె బిందె పక్కన ఎండలో నిలబడింది.

ఇంజన్ చల్లారాక ఆయన ముందు తన చేతులకంటిన మడ్డి కడుక్కున్నాడు. మనోరమ ముఖం కడుక్కుంది. మిగిలిన నీళ్లు రేడియేటర్‌లో పోస్తే, కింద తారు మీద సన్నటి ధార కట్టింది.

ఆమె ఆ ధారనే చూస్తోంది.

"సరిపోలే. ఇంకో బిందె తే. జల్ది."

"జర సేపు పడ్తది సారూ."

"ఊరు గదే కద! సేపెందుకు?" విసుక్కున్నాడు.

ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లింది.

తిరిగి వచ్చేటప్పుడు నిండు బిందె తెచ్చింది. వెంట తెల్లచొక్కా ఆయన ఒకరు, చేతిలో రేకు డబ్బా.

"నమస్తే సార్. నా పేరు లింగమూర్తి, గీ ఊరి బడిపంతులును. నేను గూడ బెల్లంపల్లే పోవాలె. డబ్బా నేను పట్టుకుంట, తొవ్వల నీళ్లు పోసుకుంట పోదాం."

సగం బిందె రేడియేటర్‌లోకి, సగం డబ్బాలోకి పోయింది.

"పైలంగ పో బిడ్డా," అంది ముసలామె మనోరమతో.

జగపతిరావు కారు స్టార్టు చేశాడు.

ముల్లు మళ్లీ లేచినప్పుడు ఆపి, డబ్బాలోంచి కొన్ని నీళ్లు పోశారు.

"నీళ్లు మట్టిమట్టిగున్నయి. రేడియేటర్ పాడైతది. మంచి బాయి నీళ్లు తేవద్దా?" అన్నాడు జగపతిరావు మళ్లీ కారెక్కుతూ.

"బాయి లేదు సార్," అన్నాడు లింగమూర్తి. "వాగు ఎండిపోయింది. ఇసుక తవ్వి, గా చెలిమెల ఊరిన నీళ్లు చెంబుతోని తోడుకుంటరు. బిందె నిండేసరికి సగం పొద్దు పోతది."

జగపతిరావు బండి కదిలించాడు.

"మరి రెండో బిందె ఎట్ల తెచ్చింది?"

"ఇంటింటికి పోయి చెంబెడు చెంబెడు అడుక్కొచ్చింది."

మనోరమ ఎప్పుడో ఆరిపోయిన ముఖాన్ని కొంగుతో తుడుచుకుంది.

"గట్లనని నాకు చెప్పాలె కద! చెప్తే అడుగుదునా?" అన్నాడు జగపతిరావు.

"పోయిన ఎండకాలం చెప్పింది సార్."

"ఎవరికి? నాకా?"

"బోరు కావాల్నని మీ ఆఫీసుకు నడిచొచ్చింది. కనకవ్వ అంటరు. నేనే వెంట వచ్చిన. మీరు వాకిట్లనే నిలబెట్టి, 'పక్కన వాగు పెట్టుకోని నీళ్లు లేవంటరా, పోండ్రి' అన్నరు."

జగపతిరావుకు ఆ మాట గుర్తుంది. ముఖాలే గుర్తులేవు.

వెనక్కి తిప్పుదామన్నా పోయి చేసేదేముంది? ఆ జిల్లాలో ఒక్క బోరు మంజూరు చేసే అధికారం ఇప్పుడాయనకు లేదు.

"ఆమె నన్ను గుర్తుపట్టలేదేమో..." అన్నాడు మెల్లగా. అలా అయినా బాగుండుననిపించింది.

లింగమూర్తి డబ్బాను ఒళ్లోకి జరుపుకున్నాడు.

"బిందె దించకముందే గుర్తువట్టింది సార్. మీకని చెప్తే ఊర్ల ఎవ్వలు చుక్క నీళ్లియ్యరని, 'మా ఇంటికి సుట్టాలొచ్చిండ్రు' అని చెప్పి అడుక్కొచ్చింది."