ఫ్లాష్ ఉన్న కెమెరా

ఎనిమిది వేలలో రావాలన్నాడు కేదార్. పాతదైనా ఫర్వాలేదన్నాడు.

అమీర్‌పేట సందులో అది సెకండ్‌హ్యాండ్ కెమెరాల కొట్టు. యజమాని మహిపాల్ నాలుగు కెమెరాలు తీసి అద్దం మీద పరిచాడు. కేదార్‌కి నాలుగూ ఒక్కలాగే కనిపించాయి. పొద్దున్నుంచీ ఏది చూసినా అంతే. టీ తాగాడో లేదో కూడా గుర్తు లేదు.

"దేనికన్నా? టూరా, పెండ్లా?"

"మా పాపకి. ఈమధ్యే పుట్టింది."

మహిపాల్ మొహం చేటంతయింది. తనకీ ఇద్దరని, మొదట్లో నిద్ర ఉండదని, మనిషి ఇట్లనే మొద్దుబారిపోతాడని చెప్పి కుర్చీ వేశాడు. కేదార్ కూర్చోలేదు. రెండింటికి పాపను చేతికిస్తామన్నారు పంజాగుట్ట ఆస్పత్రివాళ్లు. ఆలోపు కెమెరాతో అక్కడుండాలి. లేదంటే హైందవి అడిగిన ఒక్క కోరికా తీరదు.

కట్టుకున్న మనిషి నోరు తెరిచి ఏదైనా అడగడమే అపురూపం. అడిగిందీ వింతగానే అడిగింది. ఫోన్లో తియ్యొద్దట. "ఫోన్ తెరిచినప్పుడల్లా కనబడుతుంది. కెమెరా అయితే బీరువాలో పెట్టెయ్యొచ్చు," అంది.

ఆ మాట చెబితే మహిపాల్ తెగ మెచ్చుకున్నాడు. "వదినకు మస్తు తెలివి. ఫోన్ల ఉంటే వాట్సాప్‌ల ఊరంతా చూస్తది. దిష్టి."

ముందు జూమ్ ఉన్నది చూపించాడు. దూరం నుంచి తీసే పని లేదన్నాడు కేదార్. ఇంకోటి తీసి, రేపు పాప పాకుతది, ఉరుకుతది, దీనికైతేనే అందుతది అని ఊరించాడు. అదీ, మూడోదీ వద్దన్నాడు. వేళ్లు స్పష్టంగా పడితే చాలు. గోళ్లు కూడా.

చివరికి ఒళ్లంతా గీతలు పడ్డ చిన్న కెమెరా మిగిలింది. బ్యాటరీ గంటకు మించి నిలవదని మహిపాల్ దాచకుండా చెప్పాడు.

"గంట చాలు. ఫ్లాష్ పనిచేస్తుందా? అక్కడ వెలుతురు తక్కువ."

"చేస్తది. కానీ పసిబిడ్డ మొహం మీద కొట్టకన్నా. కండ్లు కరాబైతయ్."

కేదార్ కెమెరా తనవైపే తిప్పుకుని ఫ్లాష్ కొట్టి చూసుకున్నాడు. బాగానే పనిచేస్తోంది.

డబ్బు తీసుకున్నాక మహిపాల్ అందులోంచి ఓ ఐదొందల నోటు వెనక్కిచ్చాడు. పాపకి గౌను కొనమన్నాడు. బారసాల అయ్యేదాంక మాత్రం ఫోటో తియ్యొద్దని, జర పైలమని మరీ మరీ చెప్పాడు.

"మా అత్తగారూ అదే అన్నారు," అన్నాడు కేదార్. "పుట్టినప్పటి నుంచీ ఒక్కటి కూడా తియ్యనివ్వలేదు."

"పెద్దలు ఊకనే అనరన్నా."

కేదార్ తలూపి, నోటు జేబులో పెట్టుకుని మెట్రో ఎక్కాడు. ఒక్క స్టేషనే. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లాడు. పంజాగుట్టలో దిగి, ఎవరినీ దారి అడక్కుండా ఆస్పత్రి వెనక వైపుకి నడిచాడు. రెండు ఇంకా కాలేదు.

మార్చురీ గుమ్మంలో అత్తగారు హైమవతి తెల్లగుడ్డ పక్కకి తీసి, పాప బుగ్గ మీది దిష్టిచుక్కని కొంగుతో తుడిచేసి, "ఇప్పుడు తియ్యండి బాబూ," అంది.