పండిన బొటనవేలు

పుంగనూరు ఆఫీసులో హాజరు మిషను కుయ్యిమంటూ హరిత బొటనవేలిని ఒప్పుకోలేదు. వేలంతా గోరింటాకు.

"ముద్ర పడకుంటే నువ్వు హరితవేనని ఎట్లా నమ్మేదమ్మా?" జేబులోంచి చెయ్యి తీయకుండానే గద్దించాడు సూపర్‌వైజర్ మధుసూదన్.

"రూలుండాది గదా సార్! కాంట్రాక్టోళ్ల ముద్ర పడకుంటే, మీ వేలేసి నేనే హరితనని మీరు ఒప్పుకోవచ్చు." పొంగుకొస్తున్న నవ్వును హరిత బిగబట్టింది.

"రేపు సూద్దాం."

"ఈ పొద్దు హాజరు పోతాది సార్!"

ఆఫీసంతా తనకేసే చూస్తుంటే మధుసూదన్ బిక్కమొహంతో చెయ్యి బయటికి తీసి మిషను మీద పెట్టాడు. అది మళ్లీ కుయ్యిమంది. అతని బొటనవేలూ ఎర్రగా పండి ఉంది.

హరిత ఇక ఆగలేక పడీపడీ నవ్వుతూ అనేసింది.

"నీకు గోరింటాకు వద్దంటే వింటివా? మనం కుప్పంలో పెండ్లి చేసుకున్నట్టు ఈడెవరికీ తెలీకూడదన్నది నువ్వే గదా!"